దోమల సారు ఇంటి డ్రమ్ము

ఆ ఏడు ఎక్కడో నడి సముద్రం రెండు డిగ్రీలు వేడెక్కింది. దాంతో ఒక దేశంలో ఊళ్ళకు ఊళ్ళు వరదలో కొట్టుకుపోతే, ఇక్కడ చినుకు రాలలేదు. నాలుగైదేళ్ళకోసారి ఆ సముద్రానికిది మామూలే. కుళాయి ఎనిమిది రోజులకోసారి వస్తోంది కాబట్టి ప్రతి ఇంట్లోనూ డ్రమ్ముల్లో నీళ్ళు పట్టి దాచుకున్నారు. దోమలకు అంతకంటే ఏం కావాలి? వాన లేని ఏడు డెంగీ జ్వరం ఇంటింటికీ పాకింది.

నిలవ నీళ్ళలో దోమ పిల్లల్ని వెతకడం, కనబడితే డ్రమ్ము వంచేయడం దోమల సారు ఉద్యోగం. మూడొందల ఇళ్ళు. ప్రతి ఇంటి తలుపు వెనక ఒక కార్డు. వారం వారం టార్చి వేసి చూసి, దాని మీద సంతకం పెట్టాలి. మనిషి మహా నిక్కచ్చి. ఎవరు కాళ్ళావేళ్ళా పడ్డా వినేవాడు కాదు. వంచే ముందు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చేవాడు.

"సముద్రం వేడెక్కిందమ్మా. అందుకే ఈ తిప్పలన్నీ."

"సముద్రానికి ఒళ్ళు కాలితే నా డ్రమ్మేం పాపం చేసింది సారూ?" అంది సారు పక్కింటి టైలరమ్మ.

ఆయన డ్రమ్ము వంచేశాడు. ఎనిమిది రోజుల నీళ్ళు కాలవలో కలిసిపోతుంటే ఆవిడ గుడ్లప్పగించి చూసింది.

ఏడ్చి లాభం లేదనుకుందో ఏమో, మర్నాడే పాత దుప్పట్లు చింపి, అంచులకు ఎలాస్టిక్ కుట్టి, డ్రమ్ములకు ముసుగులు తయారుచేసింది. చీమ కూడా దూరదు. వీధి వీధంతా ఎగబడి కుట్టించుకుంది. సారు భార్యకీ ఒకటి ఊరికే తెచ్చిచ్చింది.

"మాకెందుకక్కా? మా ఆయన ఇంట్లోనే ఉన్నాడుగా," అని ఆమె నవ్వుతూ తిప్పి పంపింది.

నిజమే, వీధి మొత్తంలో సారు ఇంటి కార్డంత నీటుగా ఇంకెవరిదీ లేదు. ప్రతి సోమవారం టీ తాగుతూ, కుర్చీలోంచి లేవకుండానే సంతకం పెట్టేవాడు. బాత్రూంలో ఉన్న నీలం డ్రమ్ములోకి తొంగిచూసిన పాపాన పోలేదు. మూడొందల ఇళ్ళలో వంగి వంగి నడుం పడిపోతుంటే సొంతింట్లో కూడా వంగాలా?

పదమూడో సోమవారం ఎనిమిదేళ్ళ కూతురికి జ్వరంతో ఒళ్ళు పేలిపోయింది. నాలుగో రోజుకి ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోయాయి. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టారు. పిల్ల సన్నటి చేతికి సెలైన్ ఎక్కించారు. దాని బట్టల కోసం ఇంటికి పరిగెత్తినవాడు, ఎందుకో ఆగి నీలం డ్రమ్ములోకి టార్చి వేశాడు. దోమ పిల్లలు గుంపులు గుంపులుగా గిలగిల్లాడుతున్నాయి. ఆయన అక్కడే కూలబడి భోరుమన్నాడు.

ఏడో రోజుకి గండం గడిచింది. ఆ మధ్యాహ్నం పెద్ద డాక్టరు ఫైలు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. ప్రతి రోగికీ జ్వరం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆయన రాసి పంపాలి. దోమల సారు కార్డుల లెక్కలు పైకి పంపేదీ ఆయనే.

"మీ ఇల్లు పదమూడు వారాలుగా శుభ్రం. అంటే కుట్టింది పక్కింటి దోమే. ఆ టైలరమ్మ డ్రమ్ములో దోమ పిల్లలు దొరికాయని నువ్వే రాశావు కదా? ఆవిడ కుళాయి కట్ చేయిద్దాం."

ఊఁ అంటే సరిపోయేది. పరువు దక్కేది, ఉద్యోగమూ దక్కేది. అయినా ఆయన నోట ఆ మాట రాలేదు.

"కాదు సార్. మా డ్రమ్ములోనే పుట్టాయి. ఆ సంతకాలు చూసి పెట్టినవి కావు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏమయ్యా, మతి ఉండే మాట్లాడుతున్నావా? నీ ఇంటి కార్డే అబద్ధమంటే మిగతా మూడొందలూ ఎవరు నమ్ముతారు? ఆ లెక్కలన్నీ నా సంతకంతో పైకి వెళ్ళిపోయాయి."

కళ్ళజోడు పెట్టుకుని, 'జ్వరానికి మూలం' అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో రాశాడు: మహాసముద్రం వేడెక్కడం.

"ఇదైతే ఎవరికీ ఇబ్బంది లేదు," అని సారు భుజం తట్టి పక్క రోగి దగ్గరికి వెళ్ళాడు. అక్కడా అదే రాశాడు.

పిల్ల మెల్లగా కళ్ళు తెరిచింది. "నాన్నా, నాకు సముద్రం వల్ల జ్వరమొచ్చిందా?"

భార్య ఆయన మొహం వంకే చూస్తోంది.

"కాదమ్మా," అన్నాడు. "నా వల్ల."