దారికి జారీ చేసిన ఉత్తర్వు

పొద్దున్నే ఐదింటికి చెరువు గేటు తీసేది రాళ్ళక్క. గేటు తీశాక షెడ్డులోంచి తోపుడుబండి బయటికి లాగి, సున్నం వేసి అంకెలు రాసిన ఎనిమిది రాళ్ళు అందులో పేర్చుకుని, చెరువు చుట్టూ ఉన్న పరుగుదారి పట్టుకుంటుంది. పదమూడు వందల నలభై అంగలు లెక్కపెట్టి ఒకటో రాయి దించుతుంది. మళ్ళీ అన్ని అంగలు వేసి రెండోది. తిరిగి గేటు చేరేసరికి ఎన్ని రాళ్ళు దిగాయో, పైన ఎన్ని అంగలు మిగిలాయో చూసుకుని, పలక మీద సుద్దముక్కతో ‘ఈరోజు దారి’ అని కింద కొలత రాస్తుంది.

ఆ దారి ఏ రోజూ నిన్నటంత ఉండదు. తన మీద తిరిగినవాళ్ళ మనసుల్ని బట్టి తెల్లారేసరికి సాగుతుంది, లేదంటే కుదించుకుంటుంది. పరీక్షల ఫలితాలొచ్చిన మర్నాడు ఆరున్నర కిలోమీటర్లకు తగ్గదు. మంచి వాన పడి వెలిసిన మర్నాడు సరిగ్గా ఐదుకు దిగుతుంది. ఐదుకన్నా కిందికి మాత్రం ఎన్నడూ దిగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. జనం పలక చూసి, “ఐదూ ముప్పావా? ఎవరింట్లో గొడవో పాపం” అనుకుంటూ బూట్ల లేసులు బిగించుకునేవారు. కిలోమీటరు అయిందని రాయి పెట్టి చెబితే దారి ఆ లెక్కకు కట్టుబడి ఉంటుంది. చెప్పే మనిషి లేకపోతే ఎక్కడ ఆగాలో దానికీ తెలియదు.

రాళ్ళక్క ఈ పని ఇరవై ఆరేళ్ళుగా చేస్తోంది. ఏటా చెరువు నిర్వహణ ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది, ‘మరో ఏడాది వరకు తాత్కాలికంగా’ అని. ఇరవై ఆరేళ్ళ తాత్కాలికం! అలా రాయడానికి చెయ్యెలా వచ్చిందో ఆ రాసినవాళ్ళనే అడగాలి. ఈలోగా షెడ్డు పైకప్పు రెండుసార్లు మారింది, పదకొండు మంది డైరెక్టర్లు మారారు, ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ మాట మాత్రం మారలేదు.

పన్నెండో డైరెక్టరు వచ్చాడు. ముప్పై రెండేళ్ళుంటాయేమో. పసుపు చొక్కా, తళతళలాడే బూట్లు. తల్లి వయసున్న మనిషిని మేడ మీది గదికి పిలిపించి, కూర్చోమనకుండానే మొదలుపెట్టాడు.

“ఈ రాళ్ళు రోజూ ఎందుకు మారుస్తున్నావ్?”

“దారి మారుతుంది కదా సార్.”

“మారుతుందని నాకూ తెలుసు. మారకుండా నువ్వేం చర్యలు తీసుకున్నావని అడుగుతున్నా.”

రాళ్ళక్క చేతికంటిన సున్నం కొంగుకు తుడుచుకుంది.

“వచ్చే ఆదివారం ఐదు కిలోమీటర్ల పరుగు పందెం. నేనూ పరుగెడుతున్నా. దారి ఐదు కిలోమీటర్లే ఉండాలి. ఉత్తర్వు టైపవుతోంది.”

“ఎవరికి సార్ ఉత్తర్వు?”

“దారికి.”

ఇది వేళాకోళం కాదు. మర్నాడే గేటు పక్కన మూడు కాగితాలు అంటించారు. మొదటిది: ‘చెరువు చుట్టూ గల పరుగుదారికి ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, నేటి నుండి నీ పొడవు ఐదు కిలోమీటర్లు మాత్రమే.’ రెండోది: రాళ్ళకు సిమెంటు వేయడమైనది, ముట్టుకున్నవారిపై చర్య తీసుకోబడును. మూడోది రాళ్ళక్కకు. రాళ్ళు కదలవు గనుక కదిపే మనిషి అక్కర్లేదు, పడవల షెడ్డు వెనక గది ఏడు రోజుల్లో ఖాళీ చేయాలి.

ఆ గదిలో ఆమెతోపాటు తల్లి ఉంటుంది. చూపు ఆనదు గానీ చెవులు పాము చెవులు. కాగితం చదివించుకుని విని, “మనకున్నవి రెండు పెట్టెలు, నీ మోకాళ్ళ నొప్పి. సర్దుకోడానికి ఏడు రోజులెందుకే?” అంది. అని, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

లెక్కల మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. రిటైరయిన రోజు నుంచి ఒక్క పూట మానకుండా ఆ దారిలో పరుగెత్తే మనిషి ఆయన. మేడ మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, “ఇదెక్కడి అన్యాయమయ్యా?” అని నిలదీశాడు. రాసివ్వమన్నాడు గుమాస్తా. రాసిచ్చాడు. గుమాస్తా దాని మీద నంబరు వేసి, అలాంటివే ఉన్న దొంతరలో అడుగున పెట్టాడు. నైటు డ్యూటీ దిగి పరుగుకొచ్చే నర్సు రాసిచ్చింది. గేటు బయట సైకిళ్ళు బాగుచేసేవాడు వేలిముద్ర వేసిచ్చాడు. అన్నిటికీ నంబర్లు పడ్డాయి. డైరెక్టరు ఒక్కటీ చదవలేదు. ఇక వాళ్ళు చేయగలిగింది పళ్ళు కొరుక్కుంటూ పరుగెత్తడమే. ఆ వారమంతా వందలమంది కడుపుమంటతో ఆ దారిని తొక్కారు. పలక మీద కొలత రాసేవాళ్ళు లేరు గానీ, కాళ్ళకు తెలుస్తూనే ఉంది.

ఆదివారం ఆరింటికి పందెం మొదలైంది. ఆ రోజే గదికి ఆఖరి రోజు. మూడో రాయి వరకు ఫరవాలేదు. నాలుగోది ఎంతకీ రాలేదు. అరగంట చూసి, దారి సంగతి తెలిసినవాళ్ళంతా వెనక్కి తిరిగారు. సైకిలు మీద వెంటపడ్డ ఫొటోగ్రాఫరు కూడా తిరిగాడు. డైరెక్టరు తిరగలేదు. తిరిగితే దారి తన ఉత్తర్వు లెక్కచేయలేదని ఒప్పుకున్నట్టవుతుంది. పది గంటలకు గేటు దగ్గర నిలబడి చూస్తే, నీళ్ళ అవతల పసుపు చొక్కా కనబడుతూనే ఉంది. పరుగెడుతూనే ఉన్నాడు, ఆ ఒడ్డునున్న వంగిన చెట్టును మాత్రం దాటడం లేదు.

గుమాస్తా పడవల షెడ్డు వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. రాళ్ళక్క రెండో పెట్టెకు తాడు కడుతోంది.

“అక్కా, సార్ ఇంకా రాలేదు. నువ్వు ఒక్క రాయి పట్టుకెళ్ళి పెట్టాలి.”

“నన్ను తీసేశారు కదయ్యా.”

“అదంతా తర్వాత చూసుకుందాం అక్కా.”

“ఇరవై ఆరేళ్ళుగా ఆ తర్వాతనే చూస్తున్నా.”

మంచం మీంచి తల్లి అంది, “వెళ్ళవే. వట్టి చేతులతో మాత్రం రాకు.”

షెడ్డులో సిమెంటుకు దొరక్కుండా మూడు రాళ్ళు మిగిలున్నాయి. ఆరో నంబరు రాయి తీసుకుంది. దారి సాగింది గానీ చెరువు సాగలేదు, అందుకని పడవలో బయల్దేరారు. తెడ్డు మాస్టారు పట్టాడు. “చుట్టుకొలత పెరిగి అడ్డకొలత పెరక్కపోవడమేమిటో... ముప్పై ఏళ్ళు తప్పు లెక్కలు చెప్పానా ఏం” అని గొణుక్కుంటూనే అవతల ఒడ్డుకు చేర్చాడు.

డైరెక్టరు గడ్డిలో చతికిలబడి ఉన్నాడు. బూట్లు పక్కన పడున్నాయి, మడమల మీద బొబ్బలు చిట్లాయి. వాళ్ళను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

“పెట్టు... ఆ రాయి పెట్టు.”

రాళ్ళక్క పడవ దిగింది గానీ, రాయిని చంకలోంచి దించలేదు. “ముట్టుకుంటే చర్య తీసుకుంటామని రాశారు సార్.”

“నేను చెబుతున్నా కదా!”

“నోటిమాట చెల్లదట సార్. రాసిచ్చినవే చెల్లడం లేదు.”

మాస్టారు జేబులోంచి పెన్ను తీసి అందించాడు. కాగితం లేదు. డైరెక్టరు చొక్కాకు గుచ్చుకున్న పందెం నంబరు పీకి, దాని వెనక గబగబా గీకి ఇచ్చాడు. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. ‘మరో ఏడాది వరకు తాత్కాలికంగా’ అని ఉంది.

అప్పటిదాకా అదిమిపెట్టుకున్నదంతా ఒక్కసారిగా పైకొచ్చింది. “బొబ్బలెక్కి కూర్చుని కూడా ఆ మాటే రాశారా! ఇరవై ఆరేళ్ళు వానలోనూ ఎండలోనూ మోశాను. జ్వరమొచ్చినా మోశాను. నేను తాత్కాలికం, నిన్నగాక మొన్నొచ్చిన మీరు శాశ్వతమా?” అంది. రాయిని గడ్డిలో పెట్టి దాని మీద తనే కూర్చుంది. “మీకెలాగూ తీరికే. నాకూ తీరికే. గది ఖాళీ చేసేశాను.”

గాలికి నీళ్ళు ఒడ్డును కొడుతున్నాయి. దూరంగా గేటు దగ్గర జనం చీమల్లా కనబడుతున్నారు. డైరెక్టరు దారి ముందుకు చూశాడు, వెనక్కి చూశాడు. రెండువైపులా ఒకేలా ఉంది. కాగితం వెనక్కి తీసుకుని, ఆ మాట కొట్టేసి, పైన ‘శాశ్వతంగా’ అని రాశాడు. గది సంగతి కూడా రాశాడు.

“తేదీ వేసి సంతకం పెట్టండి సార్.”

పెట్టాడు. “ఇక లేస్తారా అక్కా?” అన్నాడు.

ఆమె లేచింది. రాయిని దారి అంచున దించి, కదలకుండా మడమతో రెండుసార్లు అదిమింది. వంగిన చెట్టు వెనక్కి జరిగింది. మలుపులో గేటు కనబడింది. డైరెక్టరు బూట్లు చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళి గీత దాటాడు. అప్పటికి చప్పట్లు కొట్టేవాళ్ళెవరూ మిగల్లేదు.

సోమవారం పొద్దున గడ్డపారతో సిమెంటు పగలగొట్టి, రాళ్ళు బండిలో వేసుకుని రాళ్ళక్క బయల్దేరింది. ఒకటి దించింది. రెండు, మూడు, నాలుగు. ఐదోది దించుదామని అంగలు లెక్కపెట్టబోతే ఎదురుగా గేటు. నమ్మకం చాలక వెనక్కి వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టింది. అంతే వచ్చింది.

మాస్టారు పలక చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. “నాలుగా? ఇన్నేళ్ళలో ఐదుకు తగ్గింది లేదు కదమ్మా. ఆ కిలోమీటరు ఎవరిదంటావ్?”

ఆ దారిని రోజూ అందరికన్నా ముందు తొక్కింది ఆమే. జవాబు చెప్పకుండా ఐదో రాయిని బండిలోంచి దించి గేటు పక్కన వేసుకుని, పనివేళలో మొదటిసారి కూర్చుంది.