గేటు ముందు పసుపు దీపం

చనిపోయాక కూడా మహేందర్ ఇంటికి రావడం మానలేదు. బతికున్నప్పటికంటే ఇప్పుడే వేళకు వస్తున్నాడని భార్య సౌజన్యకు కాస్త గర్వం కూడా. ఎల్బీ నగర్‌లోని ఆ సందులో పొద్దు గూకి వీధి దీపం వెలగగానే, స్తంభం కింద మనిషి ఉండడు గానీ, వాళ్ల గడప మీద పొడుగాటి నీడ పడుతుంది. భుజాన సంచి, ఒక పక్కకు వాలిన మెడ. ఆ మెడను ఆమె ఎక్కడైనా గుర్తు పడుతుంది.

మహేందర్ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఎకానమీ చెప్పేవాడు. మెట్రో దిగి నేరుగా ఇంట్లోకి వచ్చిన పాపాన ఏనాడూ పోలేదు. సందులో కిరాయికుండి గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు ఆయన్ను ఆ స్తంభం కిందే పట్టుకునేవారు. ఆయన చేతిలోని మిర్చి బజ్జీ ఎత్తి చూపించేవాడు.

"గిది నేను తింటే నీకు లేదు. పైసలియ్యకుంటే బండాయన నాకూ ఇయ్యడు. గిది ప్రైవేటు వస్తువు. టీకా అట్ల గాదు. దాని విలువ తెల్వక మనమే వద్దంటం. అందుకే సర్కారు ఇంటికొచ్చి మరీ ఏస్తది. అది మెరిట్ వస్తువు. ఇగ పైన గా వెలుగు సూడు. నేను నిలబడితే నీకు తగ్గుతదా? నిన్ను పొమ్మనేటోడున్నడా? అది పబ్లిక్‌ది."

లోపల టీ చల్లారిపోయేది. ఒక్క సాయంత్రమైనా ఈ మనిషి తనొక్కదానికే దక్కకపోతాడా అని సౌజన్య కుళ్లుకునేది. చివరికి ఆ స్తంభం కిందే, పాఠం మధ్యలో, గుండె ఆగి కూలిపోయాడు. ఇప్పుడు ఆ నీడ వస్తోంది. ఇన్నాళ్లకు నా కోసమే వస్తున్నాడనుకుంది పిచ్చిది.

అంతలో పసుపు దీపాలు తీసేసి తెల్లవి బిగించేవాళ్లు సందులోకి వచ్చారు. పసుపు వెలుగు పోతే నీడ కూడా పోతుందని సౌజన్య భయపడింది. వద్దని చెప్పబోయింది గానీ, ఎదురింటి భానుమూర్తి గారు, "తెల్లదైతే గుంటలు కనబడతాయమ్మా. మా ఆవిడ ఇందిరాదేవి మొన్న పడిపోయింది కదా," అన్నారు. స్తంభం దిగుతున్న మనిషిని బతిమాలి పాత దీపం అడిగి తీసుకుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి పడకగదిలో బిగించుకుంది.

సాయంత్రం తలుపులు వేసి, కర్టెన్లు లాగి, దీపం వెలిగించింది. గోడ మీద ఆమె నీడ ఒక్కటే పడింది.

"ఇప్పుడెవ్వరు లేరు. నేనొక్కదాన్నే ఉన్న. రా," అంది.

ఆయన రాలేదు. మర్నాడూ రాలేదు. బయట తెల్ల దీపం కింద గడప ఖాళీగా ఉంది. రెండోసారి విధవనయ్యానని ఆమెకు అనిపించింది.

ఒకరోజు పొద్దు గూకే వేళ పక్కింటి రాములమ్మ వచ్చి, గేటు దగ్గరే నిలబడి మెల్లగా అడిగింది.

"బిడ్డా, సార్ ఏడికి పోయిండు? కనబడ్తలేడు."

సౌజన్య గబగబా గేటు దగ్గరికి వచ్చింది. "నీకు గూడ కనబడుతుండెనా, పెద్దమ్మా?"

"ఎందుకు కనబడడు? పాల ప్యాకెట్‌కు పోయినప్పుడల్ల నిలబడి ఉండేటోడు. భానుమూర్తి సార్ దండం పెట్టి పోతుండె. పోరగాండ్లయితే ఆ నీడ పక్కనే కూసోని సదువుతుండ్రి. నీకు బాధైతదని ఎవ్వరం చెప్పలె."

సౌజన్యకు ముందు కోపం వచ్చింది. చచ్చాక కూడా ఊరందరి మనిషేనా అని లోపలికెళ్లి బోరున ఏడ్చింది. పసుపు వెలుగు ఖాళీ పరుపు మీద పరుచుకుని ఉంది. అది ఎవరికీ పనికి రావడం లేదు, తనకు కూడా.

మర్నాడు ఆ దీపాన్ని గేటు దిమ్మెకు, సందు వైపు తిప్పి పెట్టించింది.

చీకటి పడుతుండగా నీడ వచ్చింది. ఈసారి గడప మీద కాదు, వీధి మీద పడింది. గ్రూప్స్ పిల్లలు పుస్తకాలతో దాని చుట్టూ చేరారు. భానుమూర్తి గారు చేతులు జోడించారు. వాలిన మెడ సందు వైపే ఉంది, ఇంటి వైపు తిరగలేదు. రాములమ్మ సౌజన్యను చూసి మొహమాటంగా వెనక్కి తగ్గింది.

"ఉండు, పెద్దమ్మా," అని సౌజన్య ఆమె చేయి పట్టుకుంది. "నువ్వు సూస్తే నాకేం తగ్గదు."

లోపలికెళ్లి టీ పెట్టి తెచ్చి, గ్లాసు దిమ్మె మీద ఉంచింది. తర్వాత వెళ్లి వాళ్లందరితో పాటు నిలబడింది. ఎప్పటిలాగే టీ చల్లారిపోయింది.