పెన్సిల్ గుర్తు

తడిగుడ్డతో కీబోర్డు తుడిచేసరికి గుడ్డ నల్లబడింది. నిన్న సాయంత్రం తుడిచిందే. యమున గుడ్డను మళ్లీ పిండి మానిటరు అంచులు, మౌసు కింది అట్ట తుడిచి, చివరకు కొంగుతో తన కళ్లద్దాలు తుడుచుకుంది. ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని పక్క వాడలో ఇల్లైనా ఆఫీసైనా పొద్దున మొదటి పని అదే.

ఆఫీసంటే సిలిండర్ల సమితి. రిటైరైన గని కార్మికులు కొందరు కలిసి పెట్టుకున్నది. ఊపిరితిత్తులు దుమ్ముపట్టి మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు ఆక్సిజన్ సిలిండర్లు పంపుతారు. రేకుల గది, గోడ వెంట గొలుసుతో కట్టిన సిలిండర్లు, గుమ్మం పక్కన మంచినీళ్ల కుండ, ఒక పాత కంప్యూటరు. ఎవరికి సిలిండరు కావాలో యమున అందులో ఎక్కిస్తుంది. మధ్యాహ్నం దాటాక అందులోంచే పేర్ల చిట్టీ తీసి ఇస్తే మొగిలి ట్రాలీ ఆటోలో ఇంటింటికీ దించి వస్తాడు.

ఆ ప్రోగ్రాం రాసిచ్చిన వీరేందర్ మొదటి రోజే చెప్పాడు. "అక్కా, పేరు కొట్టంగనే అయిపోయినట్టు గాదు. వరుస పక్కన చిన్న పెన్సిల్ గుర్తు కనవడుతది సూడు. అది ఉన్నంతసేపు కంప్యూటరు ఇంకా దాసుకోలేదన్నట్టు. కింది వరుసకు దిగితేనే దాసుకుంటది. ఆ లోపట కరెంటు పోయిందా, పేరూ పోయినట్టే."

కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ డబ్బా ఒకటి ఉండేది. అది చెడిపోయింది. కొత్తది కావాలని సమితి పెద్ద భూపాల్‌కు యమున రెండుసార్లు చెప్పింది. "సూద్దాం తియ్యమ్మా" అన్నాడు. మూడోసారి అడగలేదు. అడగడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. భర్త సంపత్ దవాఖానలో రొప్పుతున్న రోజున కూడా, నర్సును మళ్లీ పిలిస్తే విసుక్కుంటుందేమోనని విసనకర్రతో విసురుతూ కూర్చుంది. అతని చెయ్యి చల్లబడ్డాక గాని లేవలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఐలవ్వ వచ్చింది. చెమటకు ముఖం మీది దుమ్ము చారలు కట్టి ఉంది.

"బిడ్డా, మా ముసలాయన గాలిడబ్బా పొద్దుమూకెదాక వస్తదో రాదో. మీటరు ముల్లు కిందికి పడ్డది."

"మొన్ననే పంపిస్తిమి గదా అవ్వా! ఆగయ్య కాక గంత గాలి ఏం జేస్తుండు?"

"బతుకంత బొగ్గుబాయిల దుమ్ము తాగిండు. ఇప్పుడింత గాలి తాగుతే నీకు కండ్లమంటనా?"

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్లు నవ్వారు. యమునా నవ్వుతూనే కొట్టింది. ఆగయ్య, వాడ పేరు, ఫోన్ నంబరు. వరుస పక్కన పెన్సిల్ గుర్తు నిలబడింది.

అప్పుడే బ్లాస్టింగ్ సైరన్ మోగింది.

సైరన్ వింటే ఈ వాడల ఆడవాళ్లు ఆలోచించరు, చేతులే కదులుతాయి. అన్నం గిన్నె మీద, నీళ్ల కుండ మీద మూతలు పడాలి. లేకుంటే పేలుడుకు రేకుల సందుల్లోని నుసంతా వాటిలోనే రాలుతుంది. ఎవరో నీళ్లు తాగి, కుండ మీది పళ్లెం కింద పెట్టిపోయారు. యమున చటుక్కున లేచి వెళ్లి పళ్లెం కప్పి, అరచేత్తో నొక్కిపట్టి నిలబడింది. ఐలవ్వ కొంగు తలమీదికి లాక్కుంది. నేల అదిరింది. గొలుసులో సిలిండర్లు గలగలమన్నాయి. ఫ్యాను తిరగడం ఆపింది.

"పొయ్యింది కరెంటు" అంది ఐలవ్వ.

"అదెంతసేపు, వస్తది. నువ్వు పో అవ్వా, కాక ఒక్కడే ఉన్నడు. పొద్దుమూకకముందే బండి వస్తది."

"రాసుకున్నవ్ గదా?"

"రాసుకున్న."

కరెంటు వచ్చేసరికి బెంచీ నిండిపోయింది. యమున తర్వాతి మనిషి పేరు కొట్టింది. ఆగయ్య పేరు ఆమె వేళ్లకు గుర్తుంది. కళ్లతో వెతకాలని తోచలేదు.

మొగిలి చిట్టీ చూసుకుంటూ సిలిండర్లు ఎక్కించాడు. "నిండుది ఒకటి మిగిలిందక్కా."

"ఉండనీ. రేపు పొద్దుగాల ఎవలో ఒకలు వస్తరు."

ఒకటి మిగిలినందుకు ఆమెకు సంతోషమే అనిపించింది. అప్పుడు టిఫిన్ డబ్బా విప్పి, చల్లారిపోయిన అన్నం, చిక్కుడుకాయ కూర తిన్నది.

మొగిలి తిరిగి వచ్చేసరికి పొద్దు గూకుతోంది. సందు మొదటి నుంచే హారన్ కొట్టేవాడు, ఇవాళ కొట్టలేదు. తువ్వాలలో చుట్టినదేదో తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఆగయ్య కాక పోయిండక్కా. ఆ వాడ మీదికెళ్లి వస్తుంటే ఇంటి ముంగట జనం కనవడ్డరు. సిలిండరు మీది మీటరు ఇది. ఐలవ్వ ఇచ్చి పంపింది. సమితిది గదా, ఇంకెవలకన్న అక్కెరకొస్తదన్నది."

యమున తువ్వాల మీద చెయ్యి పెట్టింది. "ఫోన్ జెయ్యకపోయిన్రా?"

"పక్కింటోళ్లు జేస్తమన్నరట. రాసుకున్నంక మల్ల అడుగుతే మంచిగుండదని అవ్వనే వద్దన్నదట. గడపల కూసొని బండి కోసం సూసిందట." మొగిలి తల వంచుకున్నాడు. "నా చిట్టీల ఆయన పేరు లేకుండె అక్కా."

ఆమె తెర వైపు తిరిగింది. ఐలవ్వకు ముందు వచ్చిన మనిషి పేరు కిందనే, కరెంటు వచ్చాక వచ్చిన మనిషి పేరు ఆనుకొని ఉంది. మధ్యలో ఖాళీ అయినా లేదు.

మొగిలి బయటికి వెళ్లి బీడీ ముట్టించాడు. యమున చివరి వరుసలో ఆగయ్య అని కొట్టింది. పెన్సిల్ గుర్తు వచ్చింది. కింది వరుసకు దిగింది. గుర్తు పోయింది.

మూలన గొలుసుకు నిండు సిలిండరు ఒక్కటే ఉంది. బల్ల మీద, ఆగయ్య తువ్వాల మడతల్లో, ఐలవ్వ శుభ్రంగా తుడిచి పంపిన మీటరు. దాని ముల్లు సున్నాను ఆనుకొని ఉంది.