పెద్ద కోటు పిల్ల

లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ముందు తలుపులు బాదుతారు, తర్వాత దేవుణ్ణి తలుచుకుంటారు, ఆ తర్వాత ఇతనికి ఫోన్ చేస్తారు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. లిఫ్టు మెకానిక్‌కి ఒకటే నమ్మకం: ఆగిపోయినదానికి ఎక్కడో ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఆ నమ్మకంతోనే రెండు నెలలుగా ఒక కార్టూన్ కోసం వెతుకుతున్నాడు. నలభై నాలుగేళ్ళు నిండి, నడినెత్తిన జుట్టు పల్చబడ్డ మనిషికి కార్టూనేమిటని భార్య మొదట పడీ పడీ నవ్వింది. సంగతి తెలిశాక నవ్వడం మానేసింది.

సంగతంతా అక్కది. అతనికంటే ఎనిమిదేళ్ళు పెద్ద. యాభై నిండకముందే మతిమరుపు జబ్బు పట్టుకుంది. ముందు తాళాలు మర్చిపోయింది, తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత కట్టుకున్నవాడి మొహం. ఆయన అప్పటికే పోయాడు కాబట్టి నొచ్చుకునే అవకాశం లేకపోయింది. ఇప్పుడు ఇలాంటివాళ్ళని చూసుకునే ఒక హోమ్‌లో, రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం ఆమెది. తమ్ముణ్ణి మాత్రం ఇంకా గుర్తుపడుతుంది. గుర్తుపట్టి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతుంది.

"ఒరేయ్ బుడంకాయ్, ఆ పిల్ల ఇల్లు చేరిందా?"

మొదటి రెండు రోజులూ అతనికి బోధపడలేదు. మూడోరోజు అక్క తన చీర కొంగుని చేతివేళ్ళ మీదుగా జారవిడిచి, పొడుగు చేతుల చొక్కా తొడుక్కున్నట్టు ఊపి చూపించింది. అప్పుడు వెలిగింది. పెద్ద కోటు పిల్ల! ముప్పై ఏడేళ్ళ కిందటి కార్టూన్.

"చేరిందక్కా. హాయిగా చేరింది" అన్నాడు.

అక్క చేతిలో కంచం గోడకి తగిలింది. "అబద్ధం! నువ్వు నిద్రపోయావు. నీకెలా తెలుసు?"

నిజమే. అతను నిద్రపోయాడు. పొద్దున ఏం తిన్నదో గుర్తులేని మనిషికి ఆ నిద్ర గుర్తుంది. ఆ రోజునుంచీ అక్క సరిగ్గా తినడం లేదు. మంచం అంచున కూర్చుని తలుపు వంక చూస్తూ ఉంటుంది.

"ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టండి సార్" అంది నర్సు.

"చెప్పానమ్మా. నమ్మట్లేదు."

"ఇంకో రెండు మూడు నెలలే. తర్వాత ఆ ప్రశ్న కూడా పోతుంది" అందామె, ఓదార్పనుకుని.

ప్రశ్న పోయేలోపు జవాబు తేవాలి. అంతే, అక్కకి అతను చేయగలిగింది ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడతనికి ఏడేళ్ళు, అక్కకి పదిహేను. అమ్మది బట్టల మిల్లులో ప్యాకింగ్ పని. రెండో షిఫ్టు ముగించుకుని వచ్చే వ్యాను ఆమెను వీధి చివర దింపేసరికి రాత్రి ఒంటిగంటన్నర. నాన్న బేకరీలో పిండి కలుపుతాడు, మూడింటికే లేవాలి, అంచేత తొమ్మిదింటికే గురక. అమ్మ వచ్చేదాకా బుడంకాయ్‌కి నిద్ర పట్టదు. పట్టకపోతే ఊరుకుంటాడా, రాగం తీస్తాడు. అందుకని శనివారాలు అక్క టీవీ పెట్టేది. పన్నెండు దాటాక కేబుల్ ఆయన ఏదో ఒక విదేశీ క్యాసెట్టు తగిలించేసి తన దారిన తాను పడుకునేవాడు. ఆ జపాన్ కార్టూన్ వచ్చేది అందులోనే.

ఎండిపోయిన సముద్రం. దాని మీద చక్రాల పడవ. పడవలో తన కొలతకి మూడింతలున్న పసుప్పచ్చ కోటు వేసుకున్న పిల్ల, పక్కన మూడుకాళ్ళ కుక్క. ఆ కోటు నాన్నది. అమ్మ సముద్రం అవతలి గట్టున దీపస్తంభంలో పని చేస్తుంది, రాత్రంతా దీపం కాపలా కాయాలి కాబట్టి ఇంటికి రాలేదు. అందుకని పిల్లే బయల్దేరింది. వారం వారం ఏదో ఒక తలుపు దాకా చేరుతుంది, తలుపు మీద చెయ్యి వేస్తుంది, అది అమ్మ తలుపు కాదు. "అమ్మా, ఈ రోజూ రాలేకపోయాను. దీపం ఆర్పకు" అంటుంది. అది విని బుడంకాయ్ ఏడవకుండా ఉండటానికి పెదవి కొరుక్కునేవాడు.

ఆఖరి శనివారం అక్క ఒళ్ళో తల పెట్టుకుని చూస్తూ చూస్తూ నిద్రలోకి జారిపోయాడు. మధ్యలో ఒకసారి కళ్ళు విప్పి, "చేరిందా?" అన్నాడు. "పొద్దున చెప్తాలే, పడుకో" అంది అక్క.

పొద్దున లేచేసరికి ఇంటినిండా జనం. అమ్మ వస్తున్న షిఫ్టు వ్యాను వంతెన మీంచి కింద పడింది. అక్క ఆ పొద్దున ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత ఏ పొద్దునా చెప్పలేదు. పదిహేనేళ్ళకే వంటా, బట్టలూ, తమ్ముడి బడీ నెత్తిన పడ్డ పిల్లని కార్టూన్ సంగతి ఎవరడుగుతారు? అతనూ అడగలేదు.

పాత కార్టూన్ల పేర్లు గుర్తుపట్టే గుంపొకటి ఇంటర్నెట్లో ఉందని భార్యే కనిపెట్టి చూపించింది. అక్కడ తనకు గుర్తున్నదంతా పూసగుచ్చినట్టు రాశాడు. దీపస్తంభం, అమ్మ, కుక్క కాలు ఎలా పోయిందో, తలుపు దగ్గర పిల్ల అనే మాట, అన్నీ. ముప్పై ఒక్క పేర్లు వచ్చాయి. ఒక్కోటీ తీసుకుని, మధ్యాహ్నం తిండి వేళ, ఏదో ఒక మేడ పైన మోటారు గదిలో కూర్చుని ఫోన్లో చూశాడు. ముప్పై ఒకటీ కావు. ఎవడో ఒకడు, "కల గన్నావు బాబాయ్" అని రాశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు పంక్తుల తిట్లు టైపు చేసి, పంపకుండా చెరిపేసుకున్నాడు. నిజంగా కలేమోనన్న అనుమానం అతనికీ అంతకుముందే పుట్టింది మరి.

ఆ గుంపులో గుడ్లగూబ అనే పేరుతో ఒక పెద్దాయన ఉంటాడు. ఎవరికీ దొరకనివి ఆయనకి దొరుకుతాయని పేరు. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "బాబూ, కథ వదిలేయండి. మీ కంటితో చూసింది మాత్రం రాయండి. చెవితో విన్నది ఒక్క ముక్క కూడా వద్దు."

ఓస్, ఇంతేకదా అనుకుని మొదలుపెట్టాడు. పసుప్పచ్చ కోటు, చూశాడు. మూడుకాళ్ళ కుక్క, చూశాడు. చక్రాల పడవ, తలుపులు. దీపస్తంభంలో అమ్మ.

వేలు ఆగిపోయింది. ఆ అమ్మ ఎలా ఉంటుంది? జుట్టెలా ఉంటుంది? ఎంత తవ్వుకున్నా మొహం రాలేదు. దీపస్తంభం కూడా రాలేదు. పోనీ పిల్ల గొంతు గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకున్నాడు. వచ్చింది. అక్క గొంతు. కుక్కది బొంగురు గొంతు, అదీ అక్కదే. పడవ నడిపే ముసలాడిది ముక్కు మూసుకుని మాట్లాడే గొంతు, అక్కే, రెండు వేళ్ళతో ముక్కు పట్టుకుని. నాన్న గోడ అవతలే పడుకునేవాడు. టీవీకి ఏనాడూ సౌండు పెట్టలేదు. పెట్టినా ఆ భాష వాళ్ళిద్దరికీ రాదు. దుప్పటి కింద దూరి, బొమ్మ పెదవి కదిలినప్పుడల్లా అక్క గుసగుసగా మాట పెట్టేది. రెండు నెలలు అతను లోకమంతా గాలించింది అక్క చెప్పిన కథ కోసం.

చివరికి కంటితో చూసినవి అయిదంటే అయిదు పంక్తులు రాసి పంపాడు. పది నిమిషాల్లో గుడ్లగూబ పేరూ, సంవత్సరమూ, పదమూడు భాగాల లింకూ పంపించాడు.

అదే కార్టూన్. అదే పసుపు, అదే కుక్క. ఈసారి సౌండు ఉంది, కింద అక్షరాల్లో అర్థమూ ఉంది. కోటు వేసుకున్నది పిల్ల కాదు, పిల్లాడు. చిల్లర దొంగ. కోటు కూడా దొంగిలించిందే. కుక్క వాడి గురువు, ఎప్పుడూ తిండి గోలే. అది నవ్వుకోవడానికి తీసిన కార్టూన్. ప్రతి భాగం చివరా వాడు ఏదో ఒక తలుపు కొట్టి, "ఎవరైనా ఉన్నారా? ఆకలేస్తోంది!" అని అరుస్తాడు, పైనుంచి ఎవరో బకెట్ నీళ్ళు కుమ్మరిస్తారు. ఆ నీళ్ళని అక్క వాన అంది. అమ్మకోసం వెళ్ళేవాళ్ళ మీద వాన పడుతుందా అని తను అడిగినట్టు కూడా గుర్తొచ్చింది.

పదమూడో భాగం చివర వాడు కోటు విప్పి పక్క పరుచుకుని నిద్రపోతాడు. అంతే. ఇల్లూ లేదు, అమ్మా లేదు, చేరడమూ లేదు.

"ఇదేనా బాబూ? సంతోషమేనా?" అని అడిగాడు గుడ్లగూబ.

"ఇదేనండీ. థాంక్సండీ" అని రాసి, మోటారు పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని అతను భోరున ఏడ్చాడు. కింద అయిదో అంతస్తులో ఎవరో ఇరుక్కున్నారని ఫోన్ మోగింది. మొహం తుడుచుకుని వెళ్ళి వాళ్ళని బయటికి తీశాడు.

ఆ పిల్ల ఇల్లు చేరిందో లేదో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆమే అడుగుతోంది. ఇక ఆ తలలోనే వెతకాలి. ఇంకో చోటు లేదు.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఫోన్ తీసుకుని హోమ్‌కి వెళ్ళాడు. అక్క పక్కన మంచమెక్కి కూర్చుని, ఇద్దరి తలల మీదా దుప్పటి కప్పాడు. నర్సు గుమ్మంలో నిలబడి ముక్కున వేలేసుకుంది. సౌండు పూర్తిగా తీసేసి మొదటి భాగం పెట్టాడు.

పసుప్పచ్చ కోటు కనబడగానే అక్క మొహం విచ్చుకుంది. అలా నవ్వి ఎన్ని నెలలైందో. అతని మోచేతిని గట్టిగా పట్టుకుంది. తెర మీద చెయ్యి తలుపుని తాకింది, పెదవులు కదిలాయి.

"ఏమంటోందిరా?" అంది అక్క గుసగుసగా.

మాట పెట్టేది ఎప్పుడూ అక్కే. ఈసారి అతను అన్నాడు. "అమ్మా, ఈ రోజూ రాలేకపోయాను. దీపం ఆర్పకు."

"ఊఁ" అని తల ఊపింది అక్క. తప్పులేదన్నట్టు.

మధ్య భాగాలు వదిలేసి పదమూడోది పెట్టాడు. బొంగురు గొంతూ, ముక్కు గొంతూ తనకి చేతనైనంత పలికించాడు. అక్క ఒకటి రెండుచోట్ల నవ్వింది. ఆఖరి తలుపు వచ్చింది. పెదవులు కదిలాయి. ఇక్కడినుంచి అతనికి తెలియదు. ఇక్కడే నిద్రపోయాడు.

"ఏమంటోంది?"

"అమ్మా, వచ్చేశాను" అన్నాడు.

అక్క తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు, తప్పు చదివిన పిల్లాడికి చెప్పినట్టు. "అలా అనలేదు."

"మరి ఏమందక్కా?"

అక్క తెర వంక చూసింది. పిల్ల కోటు విప్పి పరుచుకుంటోంది. అక్క పెదవులు విడివడ్డాయి, కదిలాయి, మాట అంచుదాకా వచ్చింది.

"చేరిందా అక్కా?"

అక్క అతని తల పట్టుకుని తన ఒళ్ళోకి వంచుకుంది. పల్చబడ్డ జుట్టు నిమిరింది. "పొద్దున చెప్తాలే" అంది. "పడుకో."

కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ దుప్పటి మీద పడుతోంది. అతను కళ్ళు మూసుకోలేదు. ఈసారి నిద్రపోకూడదనుకున్నాడు. కాసేపటికి అక్కే నిద్రపోయింది.

మర్నాడు పనికి సెలవు చెప్పి, హోమ్ గేటు తీసేసరికే వచ్చి నిలబడ్డాడు. అక్క లేచే ఉంది, మొహం కడుక్కుని, జడ వేయించుకుని. మంచం అంచున కూర్చుని తలుపు వంక చూస్తోంది. అతను స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"పొద్దునైందక్కా" అన్నాడు.

అక్క అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది. కొత్తవాళ్ళు వస్తే సర్దుకున్నట్టు చీర సర్దుకుని, కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది. బుడంకాయ్ అనలేదు. ఒరేయ్ అనలేదు.

"ఏమండీ, ఆ పిల్ల ఇల్లు చేరిందాండీ?" అని అడిగింది.

అతను స్టూలు మీంచి లేచి, ఆమె ఇచ్చిన చోట్లో కూర్చున్నాడు.

"తెలీదండీ" అన్నాడు. "నేను నిద్రపోయాను."