రెండో గిన్నె

నోరు పుక్కిలించి, మూతి తుడుచుకుని, కాపరి, మాంసం రంగు తెలియకుండా ఎర్రదీపం పెట్టిన గదిలోకి వచ్చి కూర్చున్నాడు. పొద్దున్నే గొర్రెలకు మేత వేసి చేతులు మోచేతుల దాకా రుద్ది కడిగినా ఉన్నివాసన వదల్లేదు. ఆ గొర్రెల పరిశోధన క్షేత్రంలో మాంసం మెత్తగా ఉందో గట్టిగా ఉందో నమిలి చెప్పడానికి పొగాకు అలవాటు లేని పనివాళ్లనే పిలుస్తారు. అట్లా మేపేదీ అతనే, నమిలేదీ అతనే.

ఈసారి పరీక్షకు కోసింది అతను మేపే లావుతొడల మందలోని పొట్టేలును. మాంసం గట్టిగా ఉంటే ఆ జాతిని ఆపేసి, మందంతా అమ్మేస్తామని క్షేత్రంలోని పశువుల డాక్టరమ్మ ముందే చెప్పింది.

ఆ మందకు మూలపురుషుడిని సీసాపాలు పట్టి పెంచింది అతని భార్య. పుట్టినప్పుడు అన్ని గొర్రెపిల్లల్లాగే ఉన్నవాడు కొన్ని వారాలకే వెనకభాగం ఉబ్బి వస్తాదులా తయారయ్యాడు. ఆ గుణం తండ్రి నుంచి వస్తేనే బయటపడుతుందని డాక్టరమ్మ వివరిస్తే, "బాగుందమ్మా! పాలు పట్టింది నేనూ, పోలిక మాత్రం అయ్యదా?" అని ఆవిడ మూతి తిప్పింది. పిల్లల్లేని ఇల్లు ఆ మాటకు నవ్వుకుంది. ఆవిడ పోయాక కూడా, ఏ గొర్రెపిల్లైనా ఆ తొడలేసుకుని బరువుగా గెంతితే, వెనక నుంచి నవ్వు వినిపిస్తుందేమోనని అతను చేతిలో గడ్డిమోపుతో నిలబడిపోతాడు.

వంటావిడ రెండు గిన్నెలు పెట్టింది. ఒకదాంట్లో ఆ పొట్టేలు మాంసం, ఇంకోదాంట్లో మామూలు గొర్రెది; ఏది ఏదో నమిలేవాళ్లకు చెప్పరు.

"అమ్మాయ్, మనది ఏదే?"

"నోరు మూసుకుని నమలు బాబాయ్. చెప్పానంటే నా ఉద్యోగం ఊడుతుంది."

"నోరు మూసుకుంటే నమిలేదెట్లా?"

"ఇన్నేళ్లు మేపావు, గొర్రెల్ని చూసైనా నేర్చుకోలేదా?"

మొదటి ముక్క దవడలు నొప్పిపుట్టేదాకా లొంగలేదు. రెండోది వెన్నలా జారిపోయింది. అతని కళ్లు చెమ్మగిల్లాయి. ఇదే! ఆవిడ చేతిపాలు తాగినవాడి రక్తం ఇంకెట్లా ఉంటుంది? రెండోదానికి నిండా మార్కులు వేశాడు. పరాయిదాని మీద జాలిపడితే తనదానికి నష్టమని, మొదటిదాన్ని కావాలనే ఇంకో మెట్టు దించాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మ కొట్టం దగ్గరికి వచ్చింది.

"గట్టిగానే ఉందండీ. నమిలినవాళ్లందరిదీ ఒకటే మాట. ముక్క కోసి గట్టిదనం కొలిచే యంత్రం కూడా అదే చెప్పింది. బేరగాడు సాయంత్రం లారీ తెస్తాడు."

"రెండో గిన్నెలోది మనదే కదమ్మా?"

"కాదండీ. మొదటిది."

పళ్లసందున ఒక పోగు ఇంకా ఇరుక్కుని ఉంది. పుల్లతో తీయబోయి, అతను చెయ్యి దించేసుకున్నాడు.

సాయంత్రం ఒక్కొక్కదాని వీపు తట్టి బల్ల మీదుగా లారీ ఎక్కించాడు. చివరి పిల్ల మొరాయిస్తే చంకలో ఎత్తుకున్నాడు. దాని తొడలు అతని పక్కటెముకలకు గట్టిగా ఒత్తుకున్నాయి. కాస్త ఎక్కువసేపే ఎత్తుకుని, ఎక్కించాడు.

"పోయిరా నాయనా."

లారీ మలుపు తిరిగింది. కొట్టంలో తాడుకు వేలాడగట్టిన ఉప్పుగడ్డ, ఒకవైపు గొర్రెలు నాకి నాకి దొప్పలా గుంటపడి, ఇంకా తడిగా, మెల్లగా తిరుగుతోంది.