తాటిచెట్టుకి ఇవతల గట్టు

వంశధార ఏరు వరిమడిని కోసుకుపోయిన దగ్గర్నుంచి మన్మథరావు ఇంట్లో మనిషి కాడు. పొద్దున్నే చుట్ట వెలిగించుకుని గుణుపురం దిగువన ఒడ్డుకు పోతాడు. మడి ఉండాల్సిన చోట పారుతున్న నీళ్లకేసి చూస్తూ కూర్చుంటాడు. మధ్యాహ్నం వచ్చి, పెట్టింది తిని మళ్లీ పోతాడు. ఏడుపు లేదు, తిట్టు లేదు. ఏదో ఒకరోజు మడిలోకి దిగుతున్నాననుకుని నీళ్లలోకి దిగిపోతాడని అతని పెళ్లాం సూర్యకాంతమ్మ భయం.

ఆ భయంతో ఆమె గోడలకేసి చూస్తూ కూర్చుంటే, వాళ్లింట్లో ఉండి కాలేజీకి పోయే ఆడపడుచు కూతురు జయంతి తన రంగుల పెట్టె తెచ్చి ముందు పెట్టింది.

"గోడని సూడ్డం కంటే కాగితాన్ని సూడత్తా."

"నాకేటొస్తాదమ్మీ? ముగ్గొస్తాది, అంతే."

"ముగ్గేసినోలికి సెయ్యి తిన్నగుంతాది."

చెయ్యి తిన్నగానే ఉంది, బుద్ధే ముగ్గు దగ్గర ఆగిపోయింది. ముగ్గులో నేల ముందు, తెలుపు తర్వాత. అలాగే ఆమె కాగితమంతా పచ్చరంగు పులిమి, చివర్లో కొంగలకి తెలుపు వెయ్యబోయింది. బురదలో పాలు ఒలికినట్టయింది.

"నీళ్లరంగుల్లో తెలుపు ఎయ్యకూడదత్తా. కొంగ ఉండేకాడ కాగితాన్ని తెల్లగానే ఒగ్గీయాల. రంగు తగిలిందంటే మరి తిరిగి రాదు."

"ఏరు తగిలినట్టే అన్నమాట," అంది సూర్యకాంతమ్మ. జయంతి తల దించుకుంది.

కాగితాలు నానాయి, చిరిగాయి. ఒక మధ్యాహ్నం మాత్రం ఆకాశం కుదిరింది. తడి కాగితానికి కుంచె ఆనించగానే నీలం తనంతట తానే పాకి, మబ్బు అంచున ఆగింది. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వానని తెలిశాక సిగ్గేసింది. మొగుడు ఏటి ఒడ్డున అలా కూర్చుంటే తను రంగులతో ఆడుకుంటోంది. కుంచె కడిగి పెట్టేసింది. మర్నాడు మళ్లీ తీసింది.

మడిని కాగితం మీద చూపిస్తే మనిషి ఇంటిపట్టున ఉంటాడేమోనని ఆమె ఆశ. కొంగలకి చోటు ఒగ్గేసి, నాట్లేసిన మడి వేసింది. గట్టు వేసింది. తాటిచెట్టు వేసింది. ఆరాక తీసుకెళ్లి అతని కంచం పక్కన పెట్టింది.

చెయ్యి కడుక్కుని కూర్చున్న మన్మథరావు అన్నం ముట్టలేదు.

"ఎవులేసినారు?"

"నానే."

"గట్టు తాటిసెట్టుకి అవతల కాదు. ఇవతల."

మడి గురించి అతను మాట్లాడ్డం ఏరు కోసిన తర్వాత అదే మొదలు. ఆమె కాగితాన్ని అతని ముందుకి జరిపింది. "ఎక్కడో సూపించు."

అతను తడివేలు కాగితం మీద పెట్టి గీశాడు. వేలి వెంట పచ్చ కరిగి, నాట్లమీద నుంచి నీళ్లు పారినట్టు జారిపోయింది. అతను వేలికేసి చూసుకున్నాడు.

"ఇదీ పోనాది," అని, తినకుండానే లేచి వెళ్లిపోయాడు.

సూర్యకాంతమ్మ కంచం మీద మూత పెట్టింది. తర్వాత కొత్త కాగితం, రంగులు, ఖాళీ గ్లాసు పట్టుకుని ఒడ్డుకు పోయి అతని పక్కన కూర్చుంది. అతను తిరిగి చూడలేదు. నీళ్ల కోసం ఆమె లేవబోతే, గ్లాసు చేతిలోంచి తీసుకున్నాడు.

"నువ్వు దిగకు. జారిపోతావు."

అతను దిగాడు. మోకాలి లోతులో, గట్టు ఉండే చోట కాబోలు, నిలబడిపోయాడు. పిలిస్తే అడుగు ముందుకి వేస్తాడో వెనక్కి వేస్తాడో తెలియక ఆమె పిలవలేదు.

చాలాసేపటికి అతను వెనక్కొచ్చి గ్లాసు ఆమె ముందు పెట్టాడు. నీళ్లు మట్టితో ఎర్రగా ఉన్నాయి. ఆమె కుంచె ముంచబోతే ఆపాడు.

"ఒండు దిగనీ."

ఇద్దరూ గ్లాసుకేసి చూస్తూ కూర్చున్నారు. మట్టి మెల్లగా అడుగుకి చేరింది.

"ఎగువన ఎవుల మడో," అన్నాడు మన్మథరావు.