రెండు గుమ్మాలు, నాలుగు స్నానాలు

"ఏవే అమలా, పడింది చూడు!"

బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న అమల చేతిలో మొగుడి చొక్కా అలాగే ఉండిపోయింది. పడిందంటే బోనులో ఎలుక పడిందని వంటింట్లోంచి అత్తగారి కేక. పక్కనున్న పాత ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడం మొదలెట్టినప్పటి నుంచీ, దిల్‌సుఖ్‌నగర్ మొత్తంలో ఇంకెక్కడా చోటు లేనట్టు ఆ ఇంటి ఎలుకలన్నీ వీళ్ళ వంటింటికే కాపురానికి వచ్చాయి. అత్తగారు సూర్యప్రభకి ఎలుకంటే భయమూ భక్తీ రెండూను. వినాయకుడి వాహనం కనక చంపకూడదు, అన్నీ ఎంగిలి చేస్తుంది కనక ఉండనివ్వకూడదు. దాన్ని బతికుండగానే బయటికి సాగనంపే పుణ్యం మాత్రం కోడలిది.

ఇన్నాళ్ళూ ఆ పుణ్యంలో ఎదురింటి వాచ్‌మన్ బక్కయ్య వాటా తీసుకునేవాడు. కిటికీలోంచి పిలిస్తే చాలు, వచ్చి బోను పట్టుకుపోయి, "ఎలుకనే గదమ్మా, పులి గాదు గదా, గింత పరేషాన్ ఎందుకు" అని నవ్వుతూ ఖాళీ బోను తెచ్చి ఇచ్చేవాడు. మేనకోడలి పెళ్ళికని నిన్ననే నల్లగొండ పక్క ఊరికి వెళ్ళాడు.

హాల్లో మురళీకృష్ణ కాళ్ళు రెండూ సోఫా మీదికి లాక్కుని కూర్చున్నాడు.

"ఏవండీ, ఈ ఒక్కసారికి మీరు తీసుకెళ్ళి వదిలేసి రండి. నేను ముట్టుకోకూడదని తెలుసుగా."

"నాకు అసహ్యం అమలా. నీకేంటి, రోజూ పట్టుకునేవేగా!"

"అవి వేరు. బయటి ఎలుకను ముట్టుకుంటే వారం దాకా నన్ను మా ఎలుకల గదిలోకి రానివ్వరు. ఇవాళ మొదటి పరీక్ష కూడా."

"ఎలుకలకి సాటి ఎలుకలంటే అంత అంటరానితనమా!" అని తన హాస్యానికి తనే నవ్వుకున్నాడు. ఇంజినీరింగ్ చదువుతున్న కొడుకు అభిరామ్ తలుపు తీయకుండానే లోపలి నుంచి అరిచాడు. "అమ్మా, త్వరగా తీసెయ్ దాన్ని. టిఫిన్ తినబుద్ధి కావట్లేదు."

ఎల్బీనగర్ దాటాక ఉన్న ఒక పరిశోధన సంస్థలో అమల ఎలుకల గది చూసుకుంటుంది. అరచేతిలో ఇమిడే తెల్ల చిట్టెలుకలు. వాటికి పుట్టుకతోనే ఒక శాపం ఉంది. ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే, ఇన్సులిన్ తయారుచేసే కణాలను పరాయివనుకొని చంపేస్తాయి. అలా షుగరు జబ్బు వస్తుంది. అందులోనూ మగవాటికంటే ఆడవాటికే ముందు వస్తుంది, ఎక్కువగా వస్తుంది. ఆ కాపలా కణాలకు బుద్ధి వస్తుందేమోనని శాస్త్రవేత్తలు ఒక జన్యువును మార్చి కొత్తవాటిని పుట్టించారు. పుట్టించడం వాళ్ళ పని, పెంచడం అమల పని. జంటలు కలిపింది, పిల్లల్ని వేరుచేసింది, ఆ మార్పు ఏ పిల్లలో నిలిచిందో తోక చివర చిన్న ముక్క తీసి పరీక్షించి ఏరింది. ఏళ్ళు పట్టింది. చివరికి ఇప్పుడు, మామూలు వాటికి జబ్బు మొదలయ్యే వయసుకు ఆ మొదటి ఆడపిల్లలు వచ్చాయి. ఇవాళ వాటి రక్తంలో చక్కెర చూడాలి. అది మామూలుగా ఉందంటే అమల బతుకులో ఒక్కటైనా ఫలించినట్టే.

"ఈ వారం గనక సెలవు పెడితే ఆ ఎలుకల్ని పక్క గది సింధుకి అప్పజెప్పేస్తానమ్మా. మళ్ళీ మార్చను" అని పై అధికారి శ్రీరామమూర్తి ముందే చెప్పారు. ఆయన చెడ్డవాడు కాదు. అత్తగారి కంటి ఆపరేషన్, కొడుకు పరీక్షలు, ఆడపడుచు పురుడు అంటూ అమల పెట్టిన సెలవులన్నీ ఓర్చుకున్నవాడే.

అమల చీపురుకట్టతో బోనును బయటికి నెట్టబోయింది. అది గడప దగ్గరే ఇరుక్కుపోయింది. లోపలి ప్రాణి గిరగిరా తిరుగుతోంది. "అలా వంటింట్లో ఆడుకుంటావేమే, అవతల మడి వంట ఆలస్యమవుతోంది" అంటూ అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఇక కుదరక అమల బోను ఎత్తుకుని సందు చివరికి నడిచింది. అక్కడ తుప్పుపట్టి బిగుసుకుపోయిన కొక్కేన్ని వేళ్ళతో లాగాల్సి వచ్చింది. తడి తోకొకటి ఆమె మణికట్టు మీదుగా జారిపోయింది. దాని ఉచ్చ చేతికంతా అంటింది.

తిరిగి వచ్చేసరికి అత్తగారు గుమ్మంలోనే ఆపింది. "గోడ ముట్టుకోకు. నేరుగా బాత్‌రూమ్‌లోకి వెళ్ళు."

ఆమె స్నానం చేసి వచ్చాక మురళీకృష్ణ మెల్లగా అన్నాడు. "అక్కడేం చెప్పకు. నువ్వు చెప్తేగా వాళ్ళకి తెలిసేది."

మెట్రోలో కిటికీ పక్కన నిలబడి అమల తన చేతిని చూసుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. నిజమే, చెప్తేగా తెలిసేది. తన బతుకంతా స్నానాలకే సరిపోయిందనిపించింది. పొద్దున్నే స్నానం చేస్తే గాని పొయ్యి ముట్టుకోకూడదు. సంస్థలో గది ముందు మళ్ళీ స్నానం, ఇంటి మురికి ఎలుకలకు అంటకుండా. బయటికి వస్తూ ఇంకొకటి. ఇంటికి చేరగానే నాలుగోది, ఎలుకల మైల దేవుడికి అంటకుండా. ఒంట్లో బాగున్నా బాగోకపోయినా, జ్వరమొచ్చినా, నెలసరి నొప్పితో కాళ్ళు లాగుతున్నా, రెండు గుమ్మాల దగ్గరా తనే మురికి. కాకపోతే ఆ గదికి కారణముంది. చిత్రమైన జబ్బది, గది ఎంత శుభ్రంగా ఉంటే అంత బాగా వస్తుంది. బయటి క్రిమి ఒక్కటి చేరితే ఏది జన్యువు చేసిందో, ఏది క్రిమి చేసిందో తేలదు. ఈ ఇంటికి ఏం కారణముంది? చుట్టాలొస్తే చాలు, "మా ఆవిడ ఉద్యోగమా? కొండను తవ్వి ఎలుకను పట్టడం" అని మురళీకృష్ణ చెప్పడం, అందరూ నవ్వడం, వాళ్ళకు కాఫీలు అందిస్తూ తనూ నవ్వడం. "ఎలుకల్ని ముట్టుకునే చేత్తో మాకు అన్నం పెడుతున్నావు, ఏదో సర్దుకుంటున్నాం" అని అత్తగారు పెళ్ళైన కొత్తలో అన్న మాట. అప్పుడు ఏడుపొచ్చింది. తర్వాత్తర్వాత ఆవిడ అనక్కర్లేకపోయింది. కంచంలో వడ్డించేముందు అమలే చేతులు వాసన చూసుకోవడం మొదలెట్టింది. ఆవిడ తిట్టేలోగా తనే తిట్టుకోవడం నేర్చుకుంది. ఒంటి కాపలా ఒంటిమీదే పడటమంటే ఏమిటో ఆమెకు పుస్తకాలు చెప్పక్కర్లేదు. ఈ పూట దాకా ఆ గదొక్కటి ఉంది. అక్కడ ఏ ప్రాణీ ఆమెను చూసి కొంగు అడ్డం పెట్టుకోలేదు. చేయి లోపలికి పెడితే వచ్చి వేళ్ళు వాసన చూసేవి, అంతే. మెట్రో ఎల్బీనగర్ చేరేసరికి అమల కళ్ళు తుడుచుకోవడం కూడా మానేసింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఎటు ఈదినా గోడే.

గది బయట సంతోషి కూర్చుని ఉంది. లోపలికి పోయేవాళ్ళను అడగడం ఆ అమ్మాయి పని. రోజూ అడిగేదే, జవాబు వినకుండానే తువ్వాలు చేతికిచ్చేస్తుంది.

"అక్కా, ఇంట్ల ఎలుకలను గిట్ట ముట్టుకోలె గదా?" అంటూ తువ్వాలు చాచింది.

అమల చేయి సగం దాకా వెళ్ళింది. ముట్టుకోలేదంటే సరిపోతుంది. రోజూ అంటున్నదే. ఒక్క మాట అనేస్తే ఆ ఆడపిల్లలు తనవే అవుతాయి. కానీ ఆ క్షణంలో ఆమెకు మూతలున్న ఆ పెట్టెలు, వాటిలో ఒకదాని మీద ఒకటి పడుకుని ఊపిరి తీసే ఆ తెల్లటి ముద్దలు కళ్ళముందు మెదిలాయి. ఇంట్లో అందరూ వద్దన్న మురికిని తెచ్చి వాటిమీద వేయడానికి చేయి రాలేదు.

"ముట్టుకున్నా సంతోషీ. పొద్దున్నే."

సంతోషి తువ్వాలు వెనక్కి తీసుకుంది. "అయ్యో అక్కా, ఎందుకు చెప్పినవ్!" అని గొణిగింది. తర్వాత లేచి సారుకు ఫోన్ చేసింది.

శ్రీరామమూర్తి మెట్లు దిగి వచ్చారు. కోపంగానే వచ్చారు. అమల ముఖం చూసి కాస్త తగ్గారు.

"ఇవాళ పరీక్ష ఆపలేనమ్మా. సింధు చేస్తుంది. ఇక ముందు కూడా తనే చూసుకుంటుంది. వారం తర్వాత మీరు వేరే గదికి రండి."

"సరే సార్."

లోపల ఎక్కడో గాలి యంత్రం సన్నగా మోగుతోంది. ఆయన వెనక్కి తిరిగి, ఏదో అంతుపట్టనట్టు ఆగిపోయారు.

"అయినా అమలగారూ, ఒక్క ఎలుకను బయట వదిలి రావడానికి మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?"

సోఫా మీద కాళ్ళు పైకి పెట్టుకున్న భర్త. తలుపు వెనక నుంచి అరిచిన ఇరవయ్యేళ్ళ కొడుకు. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న అత్తగారు. అమల ఒక్కొక్కరినీ తలుచుకుంది. తొందర లేకుండా, న్యాయంగా తలుచుకుంది.

"లేరు సార్" అంది. "నాకెవరూ లేరు."